పొడిపిండి

బేకరీ గల్లా పక్కన కూర్చుని

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీరు ఆసుపత్రి నుంచి ఇంటికి చేరారని అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. చెప్పిందో తిట్టిందో నాకు సరిగ్గా తెలియలేదు. పిండి కలిపే మిషన్ పక్కన బతికి బతికి నా చెవులు ఏనాడో పోయాయి. ఫోన్‌లో అందరి గొంతూ తిట్టినట్టే వినిపిస్తుంది. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీద ఎవరూ అరవలేరు కదా.

జరిగింది మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీకు గోధుమ పడదని అమ్మాయి గుమ్మంలోనే చెప్పింది. నేను నవ్వాను. “ఈ వీధి వీధంతా నా రొట్టె తిని పెరిగింది, ఒక్కడికి కడుపునొప్పి రాలేదు, నా అల్లుడికి వస్తుందా?” అన్నాను. నలుగురి ముందు ముక్క తుంచి మీ చేతిలో పెట్టాను. మీరు తిన్నారు. వద్దనడానికి మీ నోట్లో నాలుక లేదా అని అడగాలనుంది గానీ, అడిగే మొహం నాకు లేదు. మీరు ఆసుపత్రి మంచం మీద ముడుచుకుపోయి పడుకున్న తీరు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు మీ పేగుల్ని గీరేస్తుందని డాక్టరు అన్నాడట. ఆ జిగురే కదండీ రొట్టెకి ప్రాణం! దాన్ని సాగదీసి, మడిచి, పొంగించే కదా నేను పెళ్ళాంబిడ్డల్ని పోషించాను. అదే ఒకడికి విషమంటే నమ్మడానికి నాకింత కాలం పట్టింది.

ఇప్పుడు నమ్మాను. అందుకని వెనక సామాన్ల గది ఖాళీ చేయించి, సున్నం వేయించాను. కొత్త బల్ల, కొత్త గిన్నెలు, కొత్త ఓవెన్. గోధుమ బస్తా ఆ గుమ్మం దాటదు. బియ్యప్పిండి, జొన్నపిండితో మీకు రొట్టె చేసి వారం వారం పంపుతాను. క్షమాపణ అనుకోకండి. రొట్టెలవాడి అల్లుడు రొట్టె లేకుండా బతకడం నాకు నామోషీ, అంతే.

మొదటిది ఈ రేకు డబ్బాలో ఉంది. వ్యాను డ్రైవరు మీ దుకాణంలో ఇస్తాడు. ఖాళీ డబ్బాలో జవాబు పెట్టి పంపండి. ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయండి.

మీ మామ


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక పనిబల్ల

మామయ్యగారికి నమస్కారాలు.

డబ్బా అందింది. ఆ రోజు తప్పులో సగం నాది. పెట్టింది తినాలి, వంకలు పెట్టకూడదని మా అమ్మ పెంపకం. పెద్దవారు చేత్తో అందించిన ముక్కను కాదనడానికి మొహమాటం అడ్డొచ్చింది. నాకున్న జబ్బుల్లో గోధుమది చిన్నది, మొహమాటానిది పెద్దది అని మీ అమ్మాయి అంటుంది.

ఉన్నదున్నట్టు రాయమన్నారు కనుక రాస్తున్నాను. కత్తి దిగలేదు. మీ అమ్మాయి రొట్టెను బల్లకేసి కొట్టి చూసి, “నాన్న ఇల్లు కట్టడం మొదలుపెట్టాడా ఏంటి?” అంది. పాలలో నానబెట్టుకుని తిన్నాను. కానీ మామయ్యగారూ, కడుపు కిక్కురుమనలేదు. ఎన్నాళ్ళకో రొట్టె తిన్నాను, అదీ భయం లేకుండా.

ఇంట్లో మీ అమ్మాయి రాజ్యం నడుస్తోంది. చెక్క గరిటెలు, పాత జల్లెడ, టోస్టరు అన్నీ బయట పడ్డాయి. చెక్క పగుళ్ళలో పిండి దాక్కుంటుందట. దుకాణం నుంచి నా భూతద్దం పట్టుకుపోయి సీసాల మీది సన్నక్షరాలు చదువుతోంది. సాస్‌లో గోధుమ, సూప్ పొడిలో గోధుమ, ఆఖరికి చాక్లెట్‌లో కూడా గోధుమ. కనపడిన చోటల్లా “దొరికావురా దొంగా” అంటూ సీసాను పక్కన పెట్టేస్తుంది. నాకది వింతగా లేదు. నేను కటకాలు అరగదీసేవాణ్ణి. కటకం మీద నలుసంత గీత ఉంటే, అది పెట్టుకున్న మనిషికి రోజంతా తలనొప్పి. కనపడనంత చిన్నది ఎంత పని చేస్తుందో నాకు తెలుసు.

దుకాణంలో ఎవరిదైనా పుట్టినరోజు కేకు కోసేటప్పుడు మాత్రం కటకాలు కడిగే నెపంతో లేచి వెళ్ళిపోతాను.

మీ అల్లుడు


వెనక గది నుంచి, చేతులు తుడుచుకుని

అల్లుడికి ఆశీస్సులు.

“ఇల్లు కట్టడం” చదివి నవ్వొచ్చింది. అంతకు ముందు ఆ ఓవెన్ ముందు కూర్చుని ఏడ్చినంత పని చేశాను. జిగురు లేని పిండి అంటే మాట వినని పిండి. కలిపితే జావ, కాలిస్తే రాయి. ముద్ద చేద్దామంటే వేళ్ళ మధ్య నుంచి జారిపోతుంది, అచ్చులో పోసి కాల్చాల్సిందే. చెయ్యి తగలని రొట్టె కూడా ఒక రొట్టేనా అనిపించింది.

ఇప్పుడు విను. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మీరు మీరు అని రాస్తుంటే పన్ను ఆఫీసుకి అర్జీ పెట్టుకుంటున్నట్టుంది. ఇసబ్గోలు పొట్టు నీళ్ళలో వేస్తే బంకలా అవుతుందని, ఆ బంక జిగురు పని చేస్తుందని తెలిసింది. మందుల షాపుకెళ్ళి పెద్ద డబ్బాలు ఉన్నన్నీ ఇమ్మన్నాను. షాపువాడు జాలిగా చూసి ఏదో గొణిగాడు. నాకు వినపడలేదు. మళ్ళీ అడిగాడు. “మలబద్ధకం ఎన్నాళ్ళ నుంచి?” అంటున్నాడని అర్థమై, “నాకు కాదయ్యా, మా అల్లుడికి!” అని అరిచాను. షాపంతా తిరిగి చూసింది. ఈ వీధిలో నీ పరువు అంతటితో సరి.

కానీ నాయనా, ఆ పొట్టు పడ్డాక పిండి చేతికొచ్చింది! ముద్ద అయింది. బల్ల మీద వేసి మడిచాను, తిప్పాను, గుండ్రంగా చుట్టాను. నా చేతులు దాన్ని గుర్తుపట్టాయి. నేనేమీ ఆలోచించనక్కర్లేకపోయింది, వాటి పని అవే చేసుకుపోయాయి. నీ మీద ఉన్న బరువు కొంచెం దిగినట్టనిపించింది ఆ రోజు. నీ మీద అంటే, నీ విషయంలో నా మీద.

డబ్బాలో ఉన్నది ఆ రొట్టె. తిని చెప్పు.

మామ


కళ్ళజోళ్ళ దుకాణం

మామయ్యగారికి నమస్కారాలు.

ఇది రొట్టె! పైన తెల్లగా, కింద ఎర్రగా, నొక్కితే మళ్ళీ పైకి లేస్తోంది. మీ అమ్మాయి మొదటి ముక్క తిని వెంటనే రెండోది తుంచుకుంది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే మీ బల్ల కింద దూరి తిన్న రొట్టె గుర్తొచ్చిందట. నాకీ జబ్బు బయటపడ్డాక మేమిద్దరం ఒకే రొట్టె తుంచుకుని తినడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ తను బ్రెడ్డు తినాలంటే నేను చూడకుండా తినేది, తిన్నాక నోరు కడుక్కుని వచ్చేది. ఆ దాగుడుమూతలు పోయాయి.

నాకు రాయడం రాదు గానీ, వేళ్ళకంటిన పిండిని కూడా చప్పరించానంటే మీరే అర్థం చేసుకోండి.

పరిగెత్తేంత ఓపిక మాత్రం ఇంకా రాలేదు. రెండు రోజులుగా కాస్త నీరసం. వానలు మొదలయ్యాయి కదా, దానివల్ల కావచ్చు. పట్టించుకోకండి.

మీ అల్లుడు


బేకరీ, వాన వెలిశాక

నాయనా,

నీ ఉత్తరం గల్లా మీద పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించాను. ఒకడు “మీ అల్లుడు నిజంగా బాగుందన్నాడా, మొహమాటానికి అన్నాడా?” అన్నాడు. వాడికి ఆ పూట బన్ను ఇవ్వలేదు.

ఇక వేరే సంగతి. అమ్మాయి ఫోన్ చేసింది. సగం వినపడింది, సగం ఊహించుకున్నాను. నువ్వు చిక్కిపోతున్నావట, కడుపు పట్టుకుని బాత్రూంలో కూర్చుంటున్నావట, రక్తపరీక్షలో ఏదో అంకె మళ్ళీ పైకెక్కిందట. నాకు ఒక్క ముక్క కూడా రాయలేదేం? నీరసం, వాన అన్నావు!

మగాళ్ళిద్దరి మధ్య మాట, అమ్మాయికి చెప్పను. బయట ఎక్కడైనా తింటున్నావా? టీ తాగుతూ ఒక బిస్కట్టు, ఎవరో పెడితే ఒక కేకు ముక్క? నీ మొహమాటం సంగతి నాకు తెలుసు కదా. నేనే దాన్ని వాడుకున్నవాణ్ణి. తింటే తిన్నానని చెప్పు, మానెయ్. అంతగా నోరు పీకితే నా రొట్టె ఇంకో ముక్క తిను. ఈసారి డబ్బాలో ఒకటి ఎక్కువ పెట్టాను. ఇంట్లో కడుపు నిండితే బయట తిండి మీదికి మనసు పోదు.

మామ


ఆసుపత్రి వరండా బెంచీ మీద

మామయ్యగారికి నమస్కారాలు.

నా వంతు పిలిచేలోగా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను.

బయట ఏమీ తినలేదు మామయ్యగారూ. ఒట్టు. దుకాణంలో టీ కూడా నా గ్లాసులోనే తాగుతున్నాను. కానీ మీ అమ్మాయి నమ్మడం లేదు. తన తప్పు కాదు. తను ఇంట్లో ఇంత కష్టపడుతుంటే అంకె పైకే పోతోంది. అయితే నేనైనా అబద్ధం చెప్పాలి, లేకపోతే తన చేతుల్లోనే ఏదో తప్పు ఉండాలి. మొదట తనని తనే అనుమానించుకుంది, గిన్నెలన్నీ మళ్ళీ మార్చింది. ఇప్పుడు నన్ను అనుమానిస్తోంది. నా చొక్కా జేబులు తిరగేసి వాసన చూస్తోంది. మా వీధి చివర బన్నుల కొట్టుకి వెళ్ళి, “ఇలాంటి మనిషి ఇక్కడికొస్తాడా?” అని అడిగిందట. ఆ కొట్టతను నాకు చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

డాక్టరు రెండే మాటలు అన్నాడు. నేను ఎక్కడో గోధుమ తింటూ ఉండాలి, లేదా ఇది పథ్యానికి లొంగని మొండి రకం అయ్యుండాలి. మొండిదే అయితే గట్టి మందులు మొదలుపెట్టాలి. అవి ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారొచ్చు, కళ్ళలో పొర రావొచ్చు అన్నాడు. నా పనంతా కళ్ళతోనే కదా.

ఈ నెలాఖరు దాకా గడువిచ్చాడు. నా నోట్లోకి వెళ్ళే ప్రతిదీ ఎలా వండుతున్నారో రాసి తెమ్మన్నాడు. రొట్టె ఎలా చేస్తారో వివరంగా రాయమని మీ అమ్మాయి మిమ్మల్ని అడగమంది. రాయండి. ఇంకోటి అడుగుతాను. మీరైనా నన్ను నమ్మండి.

మీ అల్లుడు


వెనక గది నుంచి

నాయనా,

నమ్ముతున్నాను. నమ్ముతున్నానని రాశాను గానీ, పెద్దవాణ్ణి, ఒక మాట అనకుండా ఉండలేను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ నీ నాలుకేమో ఒకసారి చూసుకో. కళ్ళు పోయాక ఏడ్చి లాభం లేదు.

ఇక రొట్టె. డాక్టరు చదువుకుంటాడు కనుక తీరిగ్గా రాస్తున్నాను. బియ్యప్పిండి రెండు పాళ్ళు, జొన్నపిండి ఒక పాలు. రెండూ నేను గింజ కొని, కడిగి, ఎండబెట్టి, ఇంట్లో చిన్న మరలో ఆడించినవే. బయట మర ముఖం చూడలేదు, అక్కడ గోధుమలు కూడా ఆడిస్తారు కనుక. కొంచెం బంగాళాదుంప గంజిపొడి. ఇసబ్గోలు పొట్టు గోరువెచ్చటి నీళ్ళలో వేసి, బంక అయ్యేదాకా ఉంచాలి. వేరే గిన్నెలో ఈస్టు, చక్కెర. నురగ వచ్చాక అన్నీ కలిపి, ఉప్పూ నూనే వేసి బాగా మర్దించాలి. తడిబట్ట కప్పి పొంగనివ్వాలి. పొంగాక బల్ల మీద పొడిపిండి చల్లి, ముద్దను దాని మీదికి దించి, అంచులు లోపలికి మడుస్తూ గుండ్రంగా తిప్పాలి. చేతికి అంటుకుంటుంటే ఇంకొంచెం పొడిపిండి. మరీ నొక్కితే గాలి పోతుంది. పళ్ళెంలోకి మార్చి, బ్లేడుతో పైన ఒక గీత గీసి, ఓవెన్ బాగా వేడెక్కాక లోపల పెట్టాలి. పక్కనే చిన్న గిన్నెలో నీళ్ళు. అంతే.

ఇందులో దాచిందేమీ లేదు. ఈ గదిలోకి వచ్చే ముందు చొక్కా కూడా మార్చుకుంటున్నాను. డాక్టరు తాత వచ్చినా దీన్లో తప్పు పట్టలేడు.

మామ


కళ్ళజోళ్ళ దుకాణం

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. చదివాను.

ఇకనుంచి రొట్టె పంపకండి. మీ శ్రమ వృథా అవుతోంది. నేను బయట తింటున్న మాట నిజమే. దుకాణం నుంచి వస్తూ బన్నులు తినేవాణ్ణి. నిన్న మీ అమ్మాయి దగ్గర ఒప్పుకున్నాను. డాక్టరుకి కూడా చెప్పాను. మందుల మాట ప్రస్తుతానికి ఆపేశాడు.

మీ దగ్గర ఒట్టు పెట్టి మరీ అబద్ధం చెప్పాను. క్షమించమని అడగను. మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి. వెనక గదిలో వేడి ఎక్కువ, కిటికీ తెరుచుకుని పని చేయండి.

మీ అల్లుడు


బేకరీ గల్లా పక్కన

అల్లుడుగారికి.

ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మొదట నా కళ్ళు కూడా పోయాయేమో అనుకున్నాను. బన్నులా! నేను ఈ వయసులో సామాన్ల గది ఊడ్చుకుని, మందుల షాపులో నలుగురి ముందూ నవ్వులపాలై, గింజ గింజా ఏరి రొట్టె చేస్తుంటే, మీరు వీధి చివర బన్నులు తింటున్నారు. పైగా “వేళ్ళకంటిన పిండి కూడా చప్పరించాను” అని నాకు కవిత్వం రాశారు. గల్లా మీద పెట్టి అందరికీ చూపించుకున్న వెర్రివాణ్ణి నేను.

నన్ను మోసం చేస్తే చేశారు, నేను ముసలాణ్ణి, పడతాను. నా కూతుర్ని తన చేతుల్నే తను అనుమానించుకునేలా చేశారు. అమ్మాయి ఫోన్‌లో ఏడుస్తుంటే నాకు మాటలు వినపడలేదు గానీ ఏడుపు వినపడింది. ఆకలేస్తే అడిగి తినాలి, దొంగతనంగా తినడం ఏం సంస్కారం? మీ అమ్మగారి పెంపకం గురించి చాలా రాశారు. ఇదేనా?

డబ్బా తిరిగి పంపనక్కర్లేదు.

మీ మామ


వెనక గది, బల్ల ముందు

నాయనా,

ఈ ఉత్తరం చింపకుండా చదువు. చదివాక ఏమైనా చెయ్యి.

నీకు పంపడం మానేశాక కూడా ఆ రొట్టె చేస్తూనే ఉన్నాను. నేర్చుకున్న పని, వదలబుద్ధి కాలేదు. గాజు బీరువాలో విడిగా పెట్టి, గోధుమ పడనివాళ్ళకి అని అట్ట మీద రాశాను. ఒక బస్సు కండక్టరమ్మ వచ్చింది, చిన్న కూతుర్ని చెయ్యి పట్టుకుని. ఆ పిల్లకీ నీ జబ్బే. “కొనే ముందు మీరు చేసేది ఒకసారి చూడొచ్చా?” అని అడిగింది. నాకు గర్వం పొంగుకొచ్చింది. రామ్మా, కళ్ళారా చూడు అని లోపలికి తీసుకొచ్చాను.

అన్నీ చూపించాను. మర, గింజలు, కొత్త గిన్నెలు. ఆవిడ ముఖంలో భయం తగ్గుతోంది, పిల్ల నవ్వుతోంది. ముద్దను బల్ల మీదికి దించబోతూ నా కుడిచెయ్యి గిన్నెలోకి వెళ్ళింది, చల్లింది. ఆవిడ “ఆ గిన్నెలో ఏంటండీ?” అంది.

“పొడిపిండి.”

“ఏ పిండి?”

“పిండి కాదమ్మా, పొడిపిండి” అన్నాను. ఈవిడకి ఇంత చిన్న సంగతి తెలియదేమో అనుకున్నాను కూడా. ఆవిడ మళ్ళీ ఏదో అడిగింది. నాకు వినపడక, విసుగొచ్చి, అందరితో అరిచినట్టే అరిచాను. “మైదా!”

నాయనా, నా చెవుడు నీకు తెలుసు. ఆ ఒక్క మాట నాకు స్పష్టంగా వినపడింది. ఆవిడ పిల్లను వెనక్కి లాక్కుని, చేతులు తుడిచి, తీసుకెళ్ళిపోయింది.

మా పనిలో పొడిపిండి అంటే అంటుకోకుండా బల్ల మీద చల్లేది. దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. కొలతల్లో రాయరు, కొత్తగా చేరినవాడికి నేర్పేటప్పుడు కూడా చెప్పరు. కుడిపక్కన ఆ గిన్నె లేకపోతే నాకు బల్ల బల్లలా ఉండదు. అన్నీ కొత్తవి కొన్నాను, ఆ గిన్నెను మాత్రం బేకరీ బల్ల మీంచి చేత్తో పట్టుకొచ్చాను. అందులో పిండి ఉందని నాకు తోచలేదు. అది నా కంటికి పిండి కాదు. రొట్టె అచ్చులో పోసినన్నాళ్ళు నీకేమీ కాలేదు. అది చేతికొచ్చిన రోజు నుంచే నీ జబ్బు తిరగబెట్టింది. నా చేతులు గుర్తుపట్టాయని నీకు గొప్పగా రాశాను. ఒక రొట్టె ఎక్కువ పెట్టి, ఇంకో ముక్క తినమన్నాను.

నీకు రాసిన రొట్టె తయారీలో నా చేత్తో నేనే రెండుసార్లు రాశాను ఆ మాట. నువ్వు చదివావు. ఆ తర్వాతి ఉత్తరంలోనే బన్నులు తిన్నానని ఒప్పుకున్నావు. నలుసు కనిపెట్టడమే నీ వృత్తి. నీకు కనపడలేదంటే నేను నమ్మను.

నువ్వు బన్నులు తినలేదు. ఒక్కటి కూడా తినలేదు.

నిన్ను దొంగన్నాను. నీ తల్లి పెంపకాన్ని అన్నాను. మొదటిసారి తెలియనితనంతో నీ నోట్లో పెట్టాను, దానికి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి మళ్ళీ అదే చేశాను, వారం వారం, డబ్బాలో పెట్టి, దండం పెట్టించుకుని. నాకు అన్నం సయించడం లేదు. ఇంటి దొంగ సామెత నీకు రాసినప్పుడు ఆ దొంగ నా భుజానికే వేలాడుతున్నాడు.

గాజు బీరువాలో అట్ట తీసేశాను. ఆ రొట్టె కొన్నవాళ్ళు ఎవరెవరో గుర్తుచేసుకుని, ఇంటింటికీ వెళ్ళి చెప్పి వస్తున్నాను. ఇద్దరు తిట్టారు. వినపడినంత మేరకు విన్నాను.

అమ్మాయికి నిజం చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే వ్యానెక్కి వచ్చి మీ గుమ్మంలో నిలబడి చెబుతాను. నా గొంతు నీకు తెలుసు, వీధంతా వింటుంది. నన్ను క్షమించమని అడిగే ధైర్యం లేదు. ఇక ఆ బల్ల ముట్టను.

మామ


ఇంటి నుంచి, వంటింటి బల్ల మీద

మామయ్యగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం మొదటిసారి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఇన్నాళ్ళూ మీ ఉత్తరాలు దుకాణంలోనే చదివి అక్కడే దాచేవాణ్ణి.

అవును, చదవగానే తెలిసింది. “పొడిపిండి” అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీకు రాసి అడుగుదామని కాగితం తీశాను. “నా చేతులు దాన్ని గుర్తుపట్టాయి” అని మీరు రాసిన ఉత్తరం పక్కనే ఉంది. ఆ చేతులకి ఈ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. రొట్టె తయారీని వేరే కాగితం మీద నా అక్షరాలతో రాసి, ఆ ఒక్క ముక్క వదిలేసి మీ అమ్మాయికి ఇచ్చాను. బన్నులు తిన్నానని చెప్పాను. చిత్రం ఏమిటంటే, తినలేదని ఎన్నాళ్ళు మొత్తుకున్నా నమ్మని మనిషి, తిన్నాననగానే నమ్మేసింది.

దీన్ని త్యాగం అనుకోకండి. ఆ రోజు నలుగురిలో ముక్క మింగినప్పుడు ఏ మొహమాటం ఉందో, ఇదీ అదే. మీకు చెప్పడానికి నోరు రాక, నా భార్యకి అబద్ధం చెప్పాను. తను రోజూ నా ముఖం చూసి చూపు తిప్పుకుంటుంటే, నాకు ఒంట్లో బాగయ్యే కొద్దీ మనసు కుంగిపోయింది. ఇంకా ఘోరం చెప్పనా? ఆ అట్ట పెట్టి మీరు ఇంకెవరికైనా అమ్ముతారని నాకు తోచనేలేదు. ఆ కండక్టరమ్మ అడగకపోయి ఉంటే ఆ పిల్ల తినేది. ఆ పిల్ల కడుపునొప్పి నా మొహమాటం ఖాతాలోకి వచ్చేది. మీరు తెలియక చేశారు. నేను తెలిసి ఊరుకున్నాను. ఇంటింటికీ తిరగాల్సింది నేను కూడా.

మీ ఉత్తరం తెచ్చి మీ అమ్మాయి చేతిలో పెట్టాను. నిలబడే చదివింది. “మైదా” దగ్గర కూర్చుండిపోయింది. తర్వాత నా వైపు చూసి, “జేబులు వాసన చూశాను నేను” అంది. కొట్టినా బాగుండేది. ఆ సాయంత్రం నా చొక్కాలన్నీ తీసి ఒక్కొక్కటీ ఉతికింది, ఉతికినవి కూడా మళ్ళీ ఉతికింది. నేను సాయం చేయబోతే, “నువ్వు మాత్రం ముట్టుకోకు, నీకు నోరు లేదు, ఆయనకి చెవి లేదు, మధ్యలో నేను పిచ్చిదాన్నయ్యాను” అని మొదలుపెట్టి, మన ఇద్దర్నీ కలిపి కడిగేసింది. మీరు ఇక్కడ ఉంటే ప్రతి మాటా మీకు వినపడేది.

నిన్నటి పరీక్షలో అంకె దిగింది. కళ్ళకి ఢోకా లేదన్నాడు డాక్టరు.

ఇంకా తను నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మీకు ఫోన్ చేస్తుందో లేదో తెలియదు, అడిగే మొహం నాకు లేదు. కానీ పొద్దున లేచేసరికి మీ రేకు డబ్బా కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టి ఉంది. ఉత్తరం ఇందులోనే పెట్టమంది. మూత తీస్తే లోపల ఒక కొత్త గిన్నె, దాని నిండా బియ్యప్పిండి, పైన గుడ్డ కట్టి ఉంది. మీ కుడిచేతి పక్కన పెట్టుకోవడానికట. గుడ్డకి గుచ్చిన చీటీ మీద తన దస్తూరీతో ఇలా ఉంది:

“ఇదీ పిండే, నాన్నా. లెక్కలో వెయ్యి.”

మీ అల్లుడు